పళ్ళెంలో మిగిలిన లాకు

మోటారు సైకిలుకి చైన్ స్ప్రాకెట్ సెట్టు మార్చడం గంట పని. చేయి తిరిగినవాడికి ముప్పావుగంట. నాకైతే అరగంట చాలునని చెప్పుకునేవాణ్ణి. చెప్పుకోవడమే కాదు, గోడగడియారం కింద బండి నిలబెట్టి మరీ చేసి చూపించేవాణ్ణి. ఇప్పుడు పానా పక్కన పెట్టి ఆరేళ్ళయింది. మా వీధి చివర షోరూములో పనిచేసే కుర్రాళ్ళు సాయంత్రాలు టీకొట్టు దగ్గర కనబడి, మీ రోజుల్లో ఎలా చేసేవాళ్ళు పెద్దాయనా అని అడుగుతుంటారు. ఆ అడగడంలో కాస్త వేళాకోళం లేకపోలేదు. ఉండనివ్వండి. మీ వయసులో నేనూ ఒక పెద్దమనిషిని అంతకన్నా ఎక్కువే ఆటపట్టించాను. దానికి ఒకే ఒక్క మధ్యాహ్నం ఎంత అనుభవించానో చెబుతాను, వినండి.

మాది పొన్నూరు దగ్గర పల్లె. కాలవ కింద వరి తప్ప మరో మాట లేని ఊరు. పెళ్ళయ్యాక అత్తగారి వైపువాళ్ళు పొదిలిలో ఒక మెకానిక్ షెడ్డులో పని చూపించారు. తొంభైల చివరి సంగతి ఇది, నాకప్పటికి ముప్ఫై నిండలేదు. ఆ మెట్ట ఎండకి, బిందెడు నీళ్ళకి కాచుక్కూర్చోవడానికి అలవాటు పడేసరికి నాకు ఏడాది పట్టింది. నన్ను ‘బురదకాళ్ళాయన’ అనడం మానడానికి అక్కడివాళ్ళకి రెండేళ్ళు పట్టింది. వాళ్ళ నోళ్ళు మూయించింది నా చేతి వేగమే అని నా నమ్మకం. ఆ నమ్మకమే నెత్తికెక్కింది కూడా.

షెడ్డు దర్శి రోడ్డులో ఉండేది. రేకుల కప్పు, నల్లగా నూనె ఇంకిన నేల. లోపల మేం ముగ్గురం. స్పేర్లు అమ్మే బల్ల దగ్గర యజమాని, పనికి నేను, మా బాబాయి. బాబాయంటే చుట్టరికమేం లేదు, అందరూ అలాగే పిలిచేవాళ్ళు. యాభై అయిదు దాటిన మనిషి. పొలాల్లో ఆయిలింజన్లు బాగుచేస్తూ బతికాడు. చేలలోకి కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని తగ్గిపోయి బళ్ళ పనికి వచ్చాడు. మహా నెమ్మది. ఆయన ఒక నట్టు బిగించేలోగా నేను టీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి వచ్చేవాణ్ణి. మాటా అంతే. అడిగిన దానికి సగం జవాబు ఇప్పుడు, మిగతా సగం సాయంత్రం.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు వస్తువులుండేవి. ఒకటి, తలనొప్పి మందు అయిపోయిన చిన్న రేకుడబ్బా. దాంట్లో సొంతంగా కొని దాచుకున్న కొత్త లాకులు, పిన్నులు, వాషర్లు. రెండోది, ఆడపిల్లలు గోళ్ళకి పెట్టుకునే ఎర్రరంగు సీసా. నిజంగానే! ఏదైనా నట్టు చూసి, బిగుతు సరిపోయిందనుకుంటే దానిమీద ఆ రంగు ఒక చుక్క పెట్టేవాడు. చుక్క ఉంటే ఆయన చూసినట్టు, లేకపోతే చూడనట్టు. నట్టు వదులై కాస్త తిరిగినా ఆ చుక్క చీలిపోయి ఇట్టే తెలిసిపోతుందని ఆయన లెక్క. నేను ఊరుకుంటానా? బండికి పారాణి పెడుతున్నావా బాబాయ్, పెళ్ళివారెప్పుడొస్తున్నారు అనేవాణ్ణి. బేరానికొచ్చిన రైతులు కూడా నవ్వేవాళ్ళు. ఆయనా చిన్నగా నవ్వి సీసా మూత బిగించి జేబులో వేసుకునేవాడు. నవ్విన నాపచేనే పండుతుందని మా అమ్మ అంటుండేది. అమ్మ మాటలు అప్పట్లో చెవికెక్కితే కదా.

షెడ్డులో రెండు కట్టుబాట్లు ఉండేవి. రెండూ బాబాయి పెట్టినవే. ఒకటి, ఎవరి సత్తుపళ్ళెం వాళ్ళది. బండి విప్పేటప్పుడు తీసిన ప్రతి నట్టూ, వాషరూ ఆ పళ్ళెంలోనే వెయ్యాలి. బండి గడప దాటేసరికి పళ్ళెం ఖాళీ అవ్వాలి. ఏదన్నా మిగిలిందంటే బండిలో అది లేదన్నమాట. అందుకని ఒకరి పళ్ళెంలో మరొకరు, ప్రాణం మీదికొచ్చినా సరే, చెయ్యి పెట్టకూడదు. రెండోది, కట్టినవాడే చూడకూడదు. నేను బిగించిన పని ఆయన చూడాలి, ఆయన బిగించింది నేను చూడాలి. మన తప్పు మన కంటికి ఆనదురా అబ్బాయ్ అనేవాడు. మొదటి కట్టుబాటు నాకు నచ్చింది. రెండోదే గిట్టేది కాదు. పని రానివాడికి కదా పరీక్ష అనుకునేవాణ్ణి.

వీటికి తోడు రైతులకు ఒక పట్టింపు ఉండేది. ఏ సామాను మార్చినా పాతది లెక్కగా తిరిగి ఇచ్చెయ్యాలి. కొత్తది నిజంగా వేశారో, పాతదే కడిగి పెట్టారో అన్న అనుమానం ఒకటి. పైగా ఆ ఇళ్ళలో ఏదీ వృథా పోదు. పాత చైను దొడ్డితలుపుకి గొలుసవుతుంది. వెనక స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ళచక్రం, నీళ్ళకుండ కింద కుదురవుతుంది. అందుకని పాత సామానంతా కాగితంలో చుట్టి, పురికొసతో కట్టి బండికి తగిలించి పంపడం మాకూ అలవాటైపోయింది.

ఇక పని సంగతి నాలుగు ముక్కలు చెప్పాలి, చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. చైను రెండు కొసల్నీ కలిపేది ఒక చిన్న లింకు. దాని పక్కపలక జారిపోకుండా పైన చేపపిల్లలా ఉండే ఒక ఉక్కురేకు తొడుగుతాం. దాన్నే లాకు అంటాం. వేలిగోరంత ఉంటుంది. కొత్త సెట్టు పొట్లంలో అది ఒక్కటే వస్తుంది. అది లేకపోయినా బండి నడుస్తుంది, అదీ దాని దుర్మార్గం. రెండు మైళ్ళు పోవచ్చు, పది మైళ్ళు పోవచ్చు. తర్వాత ఆ పలక జారుతుంది, చైను విడిపోతుంది. ఆ రోజుల్లో బళ్ళకి చైను చుట్టూ మూసేసిన రేకు కవరుండేది. విడిపోయిన చైను బయటపడే దారిలేక అందులోనే ముద్దలా చుట్టుకుని వెనకచక్రాన్ని పట్టేస్తుంది. అలా చక్రం పట్టేసి పడిపోయిన పాలవ్యాపారిని ఒకసారి మంచం మీద మోసుకుపోతుంటే నేను కళ్ళారా చూశాను. ఆయన మళ్ళీ బండెక్కలేదు.

మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. పొద్దున పదకొండింటికి ఒక రైతు పెళ్ళాన్నీ, మూడేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని వచ్చాడు. దర్శి దారిలో ఇరవై కిలోమీటర్ల అవతల వాళ్ళ ఊరు. పిల్లకి రెండు రోజులుగా జ్వరమట, డాక్టరుకి చూపించడానికి వచ్చారు. బండి చైను దారిపొడుగునా టకటకలాడుతోందని షెడ్డులో వదిలి ఆసుపత్రికి నడిచి వెళ్ళారు. విప్పి చూస్తే స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగిపోయి ఉన్నాయి. ముందుదీ, వెనకదీ, చైనూ అన్నీ మార్చాల్సిందే. గడియారం చూసుకుని మొదలుపెట్టాను.

పాతిక నిమిషాల్లో స్ప్రాకెట్లు రెండూ బిగించాను. వెనక బోల్టులు వదులవకుండా వాటి కింద లాక్ ప్లేట్లు వేసి అంచులు వంచాను. కొత్త చైను ఎక్కించి, రెండు కొసలూ కలిపి, లింకు దూర్చి, పక్కపలక నొక్కిపెట్టాను. ఇక లాకు తొడగడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆ కుటుంబం ఆసుపత్రి నుంచి వచ్చింది. రైతు నా పక్కన గొంతుక్కూర్చుని, నేలమీద పెట్టిన పాత సామాను వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. పెద్ద చక్రం, చిన్న చక్రం, చైను, వంగిన ప్లేట్లు.

"మరి పాత లాకేదన్నా?" అన్నాడు.

నిజమే, లేదు. విప్పేటప్పుడు ఎటో ఎగిరింది. పాత లాకు ఎందుకూ పనికిరాదు, ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ అడిగిన తీరులో అనుమానం వినబడింది నాకు. సెట్టులో లాకు కొట్టేసి పాతదే వేస్తున్నానని కదా దీని అర్థం! అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో పని అక్కడే వదిలేసి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం పట్టుకుని నేలంతా వెతకడం మొదలుపెట్టాను. బల్లల కిందా, డబ్బాల వెనకా బోర్లాపడి పాకాను. యజమాని స్పేర్ల బల్ల దగ్గర్నుంచి, బురదకాళ్ళాయన పొలం దున్నుతున్నాడని ఎకసెక్కమాడాడు. చివరికి గాలిపంపు వెనక గ్రీజుముద్దలో అంటుకుని దొరికింది. పది నిమిషాలు పట్టింది.

లేచి వచ్చేసరికి నా బండి దగ్గర బాబాయి గొంతుక్కూర్చుని చక్రం తిప్పుతున్నాడు. అసలే మండిపోతున్నానేమో, అందరి ముందూ నోరు పారేసుకున్నాను.

"నా బండి దగ్గర నీకేం పని బాబాయ్? నువ్వు బొట్టు పెడితేగానీ నేను కట్టిన బండి గడప దాటదా? వెళ్ళి నీ పని నువ్వు చూసుకో."

ఆయన లేచి నిలబడ్డాడు. "అది కాదురా అబ్బాయ్, ఒక మాట..." అన్నాడు. ఏ మాటా వద్దన్నాను. వేలుపెట్టి బయటికి కూడా చూపించాననుకుంటాను. ఈ సంగతి చెబుతుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది. ఆయన నావంకా, రైతువంకా ఒకసారి చూసి నోరు మూసుకున్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకుని, గోనెసంచి చంకన పెట్టుకుని ఒంగోలు బస్సుకి వెళ్ళిపోయాడు. వారానికొకసారి స్పేర్లు తేవడం ఆయన వంతు.

నేను పాత లాకుని అరచేతిలో పెట్టి, ప్రసాదంలా రైతు ముందు చాపాను. అతను తృప్తిగా తలూపాడు. దాన్ని పాత సామానులో వేసి, కాగితం చుట్టి, కొస బిగించి ముడి వేశాను. ఇదిగో, ఇక్కడే బోల్తాపడింది నా బుర్ర. పది నిమిషాలు లాకు లాకు అని పలవరించి, దొరికించుకుని, లెక్క అప్పజెప్పేశాను కదా. లాకు పని అయిపోయిందని మనసుకి అనిపించేసింది. చైన్ కవరు మూసి నాలుగు బోల్టులూ బిగించేశాను. చక్రం తిప్పితే చైను చప్పుడు లేకుండా వెన్నలా తిరిగింది.

అప్పటికీ ఒక మంచి పని చేశాననే అనుకున్నాను. చైను వదులు ఖాళీ బండి మీద చూడకూడదు, మనుషులు ఎక్కితే బిగుతు మారిపోతుంది. అందుకని ముగ్గుర్నీ బండెక్కించి చూశాను. పిల్లని ముందు ట్యాంకు మీద, ఆమెని వెనక ఒకవైపుకి. ఆమె కాళ్ళు సరిగ్గా చైన్ కవరు పక్కనే వేలాడుతున్నాయి. ట్యాంకు ఎండకి కాలుతోంది, ఏదన్నా గుడ్డముక్క ఉంటే ఇవ్వన్నా అని ఆమె అడిగింది. నా ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు మడిచి పిల్ల కింద వేశాను. కళ్లంలో కూలీలు ఎదురుచూస్తున్నారని తొందరపడుతూ వెళ్ళిపోయారు. పిల్ల నాకు చెయ్యి కూడా ఊపింది.

అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పళ్ళెం కిరసనాయిలుతో కడుగుదామని కూర్చున్నాను. పళ్ళెం మధ్యలో లాకు ఉంది.

ముందు నాకేం అనిపించలేదు. పాతది కాబోలు అనుకుని చేతిలోకి తీసుకున్నాను. అది తళతళా మెరుస్తోంది. పాతది ఎలా అవుతుంది? పాతదాన్ని నేనే వెతికాను, నేనే చూపించాను, నా చేత్తోనే పొట్లం కట్టాను. సెట్టుకి వచ్చేది ఒక్కటే. అయితే ఇది కొత్తది. ఇది ఇక్కడుంటే బండిలో లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. లింకు దూర్చి పలక నొక్కిన నా వేళ్ళు గుర్తున్నాయి. లాకు తొడిగిన వేళ్ళు మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తుకి రావడం లేదు.

అడుగుదామంటే బాబాయి ఒంగోలు బస్సులో ఉన్నాడు. ఇప్పట్లా జేబుకో ఫోను ఉన్న రోజులు కావు. ఆ రైతు ఊళ్ళో ఫోను ఎవరింట్లో ఉందో తెలియదు, తెలిసినా వాళ్ళున్నది దారిలో. యజమాని స్కూటరు తాళం తీసుకుంటే ఎక్కడికని అడిగాడు. ట్రయల్‌కి అన్నాను. లాకు జేబులో వేసుకుని దర్శి రోడ్డు పట్టాను.

వాళ్ళు బయల్దేరి అప్పటికి ముప్పావుగంట దాటింది. రోడ్డుకి రెండువైపులా పత్తికట్టె ఎండిపోయి నిలబడి ఉంది, మధ్యమధ్య మిరపచేలు. నా కళ్ళు చేల మీద లేవు. ప్రతి మలుపులో పడిపోయిన బండి కోసం వెతుకుతున్నాను, కనబడకూడదని మొక్కుకుంటున్నాను. ఎదురొచ్చే ట్రాక్టరు నెమ్మదిగా వస్తే చాలు, మనుషుల్ని ఎక్కించుకుని ఆసుపత్రికి తెస్తున్నారేమోనని గుండె ఆగేది. నాకూ అప్పటికి రెండేళ్ళ కొడుకున్నాడు. వాణ్ణి కూడా ట్యాంకు మీదే కూర్చోబెట్టి తిప్పేవాణ్ణి.

ఆరేడు కిలోమీటర్లు పోయాక సోడాబండి దగ్గర ఆపి అడిగాను. ముందు పిల్లని పెట్టుకున్న జంట సోడా తాగి చాలాసేపైందట, బానే ఉన్నారట. ప్రాణం లేచొచ్చింది. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయానో లేదో, కల్వర్టు పక్కన కంపచెట్టు మొదట్లో ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు పడి ఉంది.

స్కూటరు ఎలా ఆపానో నాకు తెలియదు. స్టాండు కూడా వెయ్యలేదు, వదిలేస్తే అదే ఒరిగి పడింది. తువ్వాలు నాదే. కల్వర్టు కింద గుంటలోకి దిగాను. ఎండిన గడ్డి, నత్తగుల్లలు, ఎవరో పారేసిన చెప్పు. ఆ చెప్పు చూసి ఏడ్చేశాను. తర్వాత తెలివి తెచ్చుకుని చూస్తే అది ఎండకి బీటలు వారిన పాత మగచెప్పు. రోడ్డు మీద చక్రం జారిన గీత లేదు, గాజుపెంకు లేదు, నెత్తురు మరక లేదు. పిల్ల కదిలినప్పుడు తువ్వాలు గాలికి ఎగిరిపోయి ఉంటుంది, అంతే. అంతేనని నాకు నేను చెప్పుకున్నాను. స్కూటరు లేపడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

వాళ్ళ ఊరు చేరకముందే, రోడ్డు దిగగానే ఒక మిరపకళ్లం కనబడింది. నేలంతా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. కళ్లం అంచున ఆ బండి స్టాండు మీద నిలబడి ఉంది. దాని వెనక పది పన్నెండుమంది ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. వాళ్ళ మధ్యలో ఆమె. పట్టాగుడ్డ నీడలో మంచం మీద పిల్ల నిద్రపోతోంది. రైతు గోనెలు విదిలిస్తున్నాడు. ముగ్గురూ ఉన్నారు. చేతులూ కాళ్ళూ అన్నీ ఉన్నాయి. మిరపఘాటుకి తుమ్ములొస్తున్నాయో, ఏడుపొస్తోందో తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాను. బతుకు జీవుడా అనే మాట అంతకుముందు వెయ్యిసార్లు అని ఉంటాను, దాని అర్థం మాత్రం ఆ కళ్లం అంచునే తెలిసింది.

దారిలో ఒక అబద్ధం సిద్ధం చేసుకునే వచ్చాను. కొత్త చైను కదా, ఇటువైపు పనుండి వచ్చాను, ఒకసారి వదులు చూసిపోతానని చెప్పాలని. కానీ ఆమె నా చేతిలో తువ్వాలు చూసి, దీనికోసం ఇంతదూరం వచ్చావా అన్నా అని నవ్వింది. ఆ నవ్వు ముందు అబద్ధం పెగల్లేదు.

"చైనుకి లాకు పెట్టడం మర్చిపోయానమ్మా. దారిలో ఊడిపోయుంటే మీ ముగ్గురికీ ఏదైనా అయ్యేది. తప్పు నాదే," అన్నాను.

కళ్లంలో చేతులన్నీ ఆగిపోయాయి. రైతు గోనె కింద పడేశాడు. పాత లాకు కోసం నేలంతా పాకావు, కొత్తది పెట్టడం మర్చిపోయావా, జ్వరంతో ఉన్న పిల్లని ముందు కూర్చోబెట్టుకున్నానే అని మీదికొచ్చాడు. కొట్టినా పడేవాణ్ణి. ఆమె లేచొచ్చి అతని మొలతాడు దగ్గర పంచె పట్టుకుని ఆపింది. చెప్పకుండా పోయేవాడు ఇంతదూరం వచ్చి చెప్తున్నాడు, ముందు బాగుచెయ్యనీ అంది.

చైన్ కవరుకి ఒక చిన్న కన్నం, దానికి రబ్బరు మూత ఉంటుంది. అది పీకి, చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఒక్కో లింకూ చూస్తున్నాను. రైతు నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. లింకులు ఒకటొకటిగా జరిగిపోతున్నాయి, అన్నీ కొత్తగా, నూనెతో నల్లగా. కలిపిన లింకు ఇంకా రాలేదు. ఇంకొంచెం తిప్పాను. ఎర్రగా ఏదో మెరిసి దాటిపోయింది. చక్రం వెనక్కి తిప్పాను.

లాకు ఉంది. సరైన వైపుకే ఉంది, మూసిన కొస ముందుకి, తెరిచిన కొస వెనక్కి. దానిమీద గోళ్ళరంగు చుక్క.

నాకు నవ్వు మొదలైంది, ఆపుకోలేనంత నవ్వు. మట్టిలో చతికిలబడి నవ్వుతుంటే పిల్ల కూడా నిద్రలేచి కూర్చుంది. నాకు పిచ్చి పట్టిందని రైతు అనుకున్నట్టుంది. వేలు పెట్టి చూపించాను. అతను కన్నంలోకి చూసి, నన్ను చూసి, "ఉండనే ఉందిగా. మరి పెట్టిందెవరు?" అన్నాడు.

"మా బాబాయి. నేను మీ ముందు తిట్టానే, ఆయన," అన్నాను.

ఆ మాట అన్నాక నా నవ్వు ఆగిపోయింది. రైతు మాత్రం చల్లబడ్డాడు. ఒక చెంబుడు మజ్జిగ ఇచ్చారు, గటగటా తాగేశాను. లేచేటప్పుడు తువ్వాలు ఆమెకి ఇచ్చి పిల్లకే ఉంచమన్నాను. వెనక్కి వచ్చేటప్పుడు దారి పొడుగునా గాలి చల్లగా అనిపించింది. ఆ ఎండలో అదెలా సాధ్యమో నాకు తెలియదు.

బాబాయి సాయంత్రం బస్సుకి దిగి, స్పేర్ల సంచి మోసుకుంటూ వచ్చాడు. ఎదురెళ్ళి సంచి అందుకున్నాను. ఎప్పుడూ అందుకోని వాణ్ణి అందుకునేసరికి విషయం ఆయనకి సగం అర్థమైపోయింది. లాకు ఆయన అరచేతిలో పెట్టి, దీనికోసం దర్శి రోడ్డంతా పోయొచ్చాను బాబాయ్ అన్నాను. ఆయన లాకుని వెలుతురుకి పట్టి చూసి నొచ్చుకున్నాడు. అయ్యో, అంతదూరం పోయావా అన్నాడు. నన్ను సాధించడానికి చెప్పలేదేమోనన్న అనుమానం దారిలో ఒకసారి వచ్చిందని ఒప్పుకుంటాను. ఆ ముఖం చూశాక అది కూడా పోయింది.

"నీ పళ్ళెంలో చెయ్యి పెట్టకూడదు కదరా, నా డబ్బాలోది తొడిగాను. చెబుదామనుకునేలోగా నువ్వు నోరు చేసుకున్నావు. ఆ రైతు అసలే నిన్ను అనుమానంగా చూస్తున్నాడు. ఆయన ముందు నీకు లాకు మర్చిపోయావని చెప్తే నీ పరువేం కాను? రాత్రికి చెబుదాంలే అనుకున్నా," అన్నాడు.

నేను ఆయన పరువు తీస్తున్న నిమిషంలో ఆయన నా పరువు గురించి ఆలోచిస్తున్నాడు. క్షమించు బాబాయ్ అనాలి. మా కాలంలో ఆ మాట మగవాళ్ళకి అంత సులువుగా వచ్చేది కాదు, నాకసలు రాలేదు. ఆ లాకు ఆయన రేకుడబ్బాలో వేసి మూత పెట్టాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బండికి వెనకచక్రం బిగించాను. షెడ్డు ముందు నలుగురైదుగురు రైతులు నిలబడి ఉన్నారు, యజమాని ఉన్నాడు. అందరికీ వినబడేలా గొంతెత్తి పిలిచాను.

"బాబాయ్, ఇది కట్టాను. ఒకసారి చూసిపెట్టు."

యజమాని తలెత్తి చూశాడు. రైతుల్లో ఒకాయన, పారాణి పెట్టిస్తున్నారా అని పాత పరాచికం ఆడాడు. ఔను, పెట్టించుకునే పంపిస్తాం ఇకమీదట అన్నాను. బాబాయి తన నడకనే వచ్చాడు, తన నెమ్మదితోనే ప్రతి నట్టూ పట్టి చూశాడు. ఎప్పుడూ లేనిది, ఆ నెమ్మది ఆ పూట చూడ్డానికి ఎంతో హాయిగా ఉంది. సీసా తీసి నట్లకి చుక్కలు పెట్టాడు. పుల్ల మీద రంగు కాస్త మిగిలింది. నా కుడిచెయ్యి లాక్కుని బొటనవేలి గోరు మీద ఒక చుక్క పెట్టాడు.

"నిన్నూ చూశాన్లేరా," అన్నాడు.

షెడ్డు అంతా ఘొల్లుమంది. తర్వాత ఆయన పదేళ్ళు పనిచేశాడు, నేను ఆయన తర్వాత ఇంకో పదేళ్ళకు పైనే చేశాను. కట్టిన బండి ఒక్కటీ నేనే చూసుకుని పంపలేదు. ఆ చుక్క పెట్టిన రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆవిడ, గోరుకి ఆ రంగేమిటని అడిగింది. ఏదో అంటుకుందన్నాను. పెట్రోలు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది. గోరు పెరిగి దానంతటది పోయేదాకా నేను తుడవలేదు.